ప్రభ వెంట తెల్లవార్లూ

కోటప్పకొండ తిరునాళ్లకు మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే తీరుగా వస్తారు. హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో శివరాత్రి సాయంత్రానికి నరసరావుపేట చేరతారు. స్నేహితుడి ఇంట్లో కాఫీ తాగి ఏడింటికి కొండదారి పడతారు. కదలని కార్ల వరుసలో గంటన్నర కూర్చుంటారు. కొండ కింద, ఊళ్లవాళ్లు దీపాలతో ఎత్తుగా కట్టి తెచ్చిన విద్యుత్ ప్రభల ముందు నిలబడి ఫోనులో నాలుగు వీడియోలు తీసుకుంటారు. జనం తోపులాటకు విసుగొచ్చి పదకొండింటికల్లా వెనక్కి తిరుగుతారు. మర్నాడు ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది, జనం ఎక్కువ" అంటారు. రాత్రి మొత్తంలో వాళ్లకు దక్కింది ఆ ముక్క ఒక్కటే.

తనది కాని ఊళ్లో, ముఖం తెలియని జనం మధ్య, ఒక రాత్రంతా మెలకువగా గడపడానికి కొంత నేర్పు కావాలి. పెళ్లికి ఎలా వెళ్లాలో, చావింటికి ఎలా వెళ్లాలో మన పెద్దవాళ్లు చెప్పారు. రాత్రి తిరునాళ్లకు ఎలా వెళ్లాలో చెప్పలేదు. ఆ అవసరం వాళ్లకు రాలేదు మరి. ఎవరి ఊరి బండి వాళ్లు కట్టుకుని, తమ వాళ్లతో వెళ్లి, తమ వాళ్లతోనే తిరిగొచ్చేవాళ్లు. ఇప్పుడు ఉద్యోగాల వల్ల, పెళ్లిళ్ల వల్ల, స్నేహాల వల్ల ఎవరి తిరునాళ్లకో ఎవరో వెళుతున్నాం. అందుకే ఈ అధ్యాయం. నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే: తిరునాళ్లు చూద్దామని బయలుదేరకండి, ఒక ప్రభతో కలిసి బయలుదేరండి.

ముందు చోటు సంగతి. నరసరావుపేట 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణం. గుంటూరు నుంచి రైలూ ఉంది, బస్సులకు కొదవ లేదు. అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లలో కోటప్పకొండ. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయి కాబట్టి త్రికూటాద్రి అన్నారు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని ఒక్కోదానికీ పేరు. దేవుడు త్రికోటేశ్వరుడు, జనం నోట కోటయ్య. ఇప్పుడు అందరూ దర్శనం చేసుకునే గుడి బ్రహ్మ శిఖరం మీదుంది. దానికో కథ చెబుతారు. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ రుద్ర శిఖరం ఎక్కి శివుణ్ణి కొలిచేది. గర్భవతి అయ్యాక కొండ ఎక్కలేక, నువ్వే కిందికి రమ్మని వేడుకుంది. నీ వెంటే వస్తాను, వెనక్కి తిరిగి మాత్రం చూడొద్దన్నాడు ఆయన. దారిలో పెద్ద శబ్దానికి బెదిరి ఆమె తిరిగి చూసింది. చూసిన చోటే ఆయన ఆగిపోయాడు. దేవుడే ఒక పల్లె ఆడమనిషి వెంట నడిచాడని నమ్మే కొండ ఇది. ఇక్కడి తిరునాళ్లు కూడా నడకతోనే మొదలవుతాయి. కొండ దగ్గర కాదు, చుట్టుపట్ల ఊళ్లలో.

కావూరు, మద్దిరాల, యడవల్లి, అప్పాపురం, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి పెద్ద ప్రభలు వస్తాయి. కొన్ని ఊరి పేరు మీద, కొన్ని ఇంటిపేరు మీద. మొక్కుకుని ఒక కుటుంబం కట్టుకునే చిన్న ప్రభలు మనిషి భుజం మీద, బండి మీద వస్తాయి. పెద్దవైతే ఎనభై, తొంభై అడుగులు దాటతాయి. శివరాత్రికి వారాల ముందే ఊళ్లో పని మొదలవుతుంది. నిలువు కొయ్యలు, అడ్డ బద్దలు, వాటి మీద గుడ్డ, రంగు కాగితాలు, దేవుడి బొమ్మలు, ఆపైన వేల దీపాలు. వెనకాల ట్రాక్టరు మీద జనరేటరు. మా చిన్నతనంలో పెద్దవాళ్లు ఎద్దుల జతల గురించి చెప్పుకునేవాళ్లు, ఏ ప్రభను ఎవరి గిత్తలు లాగాయి అని. ఇప్పుడు లాగే పని ట్రాక్టర్లది. మోకులు పట్టే పని మాత్రం ఇంకా మనుషులదే.

మీరు చూడాల్సింది ఆ మోకులనే. ప్రభ నెత్తి నుంచి నాలుగు వైపులకూ లావాటి మోకులు దిగుతాయి. ఒక్కో మోకు కొసన ఇరవై ముప్పై మంది కుర్రాళ్లు. ప్రభ కుడికి వాలితే ఎడమ మోకు బిగుస్తుంది, ముందుకు తూగితే వెనక మోకు. రోడ్డు మలుపు దగ్గర ట్రాక్టరు ఆగిపోతుంది. ఒక పెద్దాయన ముందుకొచ్చి, తల పైకెత్తి, చెయ్యి గాలిలో పెట్టి నిలబడతాడు. ఆయన అరచెయ్యి ఎటు తిరిగితే అటు మోకు వదులవుతుంది. తొంభై అడుగుల ఎత్తున దీపాల గోడ మెల్లగా ఒక వైపుకి తిరుగుతుంటే, అప్పటిదాకా కేకలు పెడుతున్న జనం నోరు మెదపరు. మలుపు దాటగానే "చేదుకో కోటయ్యా" అని ఒక్క పెట్టున అరుస్తారు. దారి పొడుగునా కరెంటు సిబ్బంది సరఫరా ఆపి, అడ్డొచ్చే తీగలు విప్పి దారి ఇస్తూ ఉంటారు. ప్రభ దాటాక మళ్లీ కడతారు. కొండ కింద నిలబెట్టిన ప్రభ ముందు ఫోటో దిగినవాళ్లకు ఇందులో ఒక్కటీ కనపడదు. వాళ్లు వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది.

కాబట్టి మొదట చేయవలసింది మీ ప్రభను ఎంచుకోవడం. నరసరావుపేటలోనో చిలకలూరిపేటలోనో మీకు తెలిసినవాళ్లు ఎవరున్నా "తిరునాళ్లకు వస్తున్నా" అనకండి, "మీ వాళ్ల ప్రభ ఏ ఊరి నుంచి వస్తుంది?" అని అడగండి. ఆ ప్రశ్నతోనే మీ చుట్టరికం మారిపోతుంది. శివరాత్రి పొద్దున్నే, కుదిరితే ఒక రోజు ముందే, ఆ ఊరు చేరండి. ఉత్త చేతులతో వెళ్లి చూస్తూ నిలబడకండి. దీపాల తీగలు అందించే పని ఉంటుంది, మంచినీళ్లు మోసే పని ఉంటుంది. ఎవరో ఒకరు అడుగుతారు:

"ఏ ఊరు అబ్బాయ్ మీది? ఎవరింటికొచ్చావు?"

"హైదరాబాదు బాబాయ్. మీ స్కూలు మాస్టారింటికి వచ్చా."

"అట్నా. అన్నం తిన్నావా మరి?"

ఇంతే పరిచయం. ఇంతకంటే పొడుగ్గా మీ ఉద్యోగం, జీతం, అపార్టుమెంటు చెప్పబోకండి. ఇక్కడ మనిషిని గుర్తుపెట్టుకునేది ఎవరింటికి వచ్చాడన్న దాన్నిబట్టి. రాత్రి రెండింటికి గుంపులో మీరు తప్పిపోతే మైకులో పిలిచేది కూడా అలాగే: "మాస్టారింటికొచ్చిన హైదరాబాదు అబ్బాయి ఎక్కడున్నా ప్రభ దగ్గరికి రావాలి."

ఇంకో సంగతి వచ్చేవాళ్లకు తెలియాలి. శివరాత్రి వచ్చేది ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో. పల్నాడులో అది మిరప కోతల కాలం. మీరు దిగిన ఇంటివాళ్లకు చేలో కాయ ఎర్రబడి ఉంటుంది, కల్లంలో కోసిన కాయ ఎండుతూ ఉంటుంది, కూలీలకు డబ్బు సర్దాలి, మబ్బు పడితే పట్టాలు కప్పాలి. ఏడాదంతా పెట్టిన పెట్టుబడి ఆ ఎర్రటి రాశుల్లో ఉంటుంది. అలాంటి రోజుల్లో వాళ్లు పని వదిలి ప్రభ కడుతున్నారు, పైగా మీకు అన్నం పెడుతున్నారు. వేళకు లేవండి, మీ పక్క మీరే తీసుకోండి. కల్లం చూపిస్తామంటే వెళ్లండి, గిట్టుబాటు గురించి వాళ్లు చెప్పేది వినండి. కాయను మాత్రం ఊరికే చేత్తో నలిపి ఆ చెయ్యి కంట్లో పెట్టుకోకండి. మిర్చి ఘాటు తెలియని వాళ్లందరికీ ఈ మాట చెప్పాల్సి వస్తుంది.

మధ్యాహ్నం ఒక గంట తప్పక పడుకోండి. ఉపవాసం ఉండే అలవాటు లేకపోతే ఆ రోజే మొదలుపెట్టకండి. ఎండలో ప్రభ వెంట నడిచి, రాత్రంతా మేలుకుని, కడుపులో ఏమీ లేకపోతే కళ్లు తిరిగి పడేది మీరు, మిమ్మల్ని మోసేది ఇంకొకరు. పళ్లు, మజ్జిగ తీసుకుంటే జాగారానికి భంగం రాదు. పాత చెప్పులు వేసుకోండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ కొండ కింద మూడింటికి వీచే గాలి మాత్రం పోదు, ఒక దుప్పటి దగ్గరుంచుకోండి. ఫోను మీద ఆధారపడకండి. అంత జనంలో సిగ్నలు దొరకడం కష్టం. ప్రతి రెండు గంటలకూ ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి, "ఫలానా ప్రభ జనరేటరు దగ్గర" అని. పిల్లల జేబులో పెద్దవాళ్ల నంబరు రాసిన కాగితం పెట్టండి.

దర్శనం సంగతి అందరూ అడుగుతారు. శివరాత్రి రాత్రి లింగోద్భవ వేళకు కొండ మీద ఉండాలని కోరుకునేవాళ్లు ఎందరో. మెట్ల దారిన ఎక్కేవాళ్లు, ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సుల్లో వెళ్లేవాళ్లు, వరుసలు గంటల తరబడి కదులుతాయి. మొదటిసారి వచ్చినవాళ్లు దర్శనమూ ప్రభలూ రెండూ ఒకే రాత్రిలో పూర్తిచేయాలని పరుగులు పెట్టి రెంటికీ చెడతారు. నా సలహా వినేట్టయితే, ముందు రోజు ప్రశాంతంగా కొండ ఎక్కి కోటయ్యను చూసుకోండి, ప్రసాదంగా అరిసెలు తీసుకుని దిగండి. శివరాత్రి రాత్రిని ప్రభలకు వదిలేయండి. భక్తి గట్టిగా ఉన్నవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. కానీ తల తిప్పలేని వరుసలో చిరాకుతో నిలబడి, గర్భగుడి ముందు అర నిమిషం ఆగడం కంటే, ముందు రోజు నింపాదిగా దండం పెట్టుకోవడమే మేలని గట్టిగా అనుకుంటాను.

చీకటి పడే వేళకు ప్రభలన్నీ కొండ కిందికి చేరతాయి. అన్ని జనరేటర్ల మోత, అన్ని మైకుల పాటలు, ఎటు చూసినా నిలువెత్తు దీపాలు. మొదటి గంట మనసు నిలవదు. ఇక్కడే చాలామంది ఒక ప్రభ దగ్గర నుంచి ఇంకో ప్రభకు తిరుగుతూ అలసిపోతారు. మీరు మాత్రం మీ ప్రభ దగ్గరే చాప పరిచిన చోట కూర్చోండి. పక్క ఊరి వాళ్లు వచ్చి మీ ప్రభ ఎత్తు గురించి వేళాకోళం ఆడతారు, మీ వాళ్లు తిరిగి జవాబిస్తారు. ముసలివాళ్లు పాత ఏళ్ల ప్రభల గురించి చెబుతారు: ఏ ఏడు గాలివాన వచ్చింది, ఏ ఏడు ఎవరి ప్రభ వాగులో ఆగింది. రాత్రి పన్నెండు దాటాక ఈ మాటలు చిక్కబడతాయి. రాత్రిళ్ల రుచి అంతా ఆ చాప మీద ఉంది.

చెప్పక తప్పని చెడ్డ సంగతులూ ఉన్నాయి. కొన్ని ప్రభల వేదికల మీద ఒకప్పుడు బుర్రకథలు, పద్య నాటకాలు జరిగితే, ఆ చోటును అసభ్యమైన రికార్డింగ్ డాన్సులు ఆక్రమించాయి. తాగి తూలేవాళ్లు ఉంటారు. ఆడవాళ్లు మరో ఇద్దరు ఆడవాళ్లు తోడుంటేనే అర్ధరాత్రి దాకా ఉండండి; మీరు దిగిన ఇంటి ఆడవాళ్లు ఎప్పుడు వెనక్కి వెళతారో కనుక్కుని వాళ్లతోనే కదలండి. మరుగుదొడ్లు ఎక్కడున్నాయో వెలుగుండగానే చూసిపెట్టుకోండి. ఇది చిన్న విషయం కాదు, ఎంతోమంది ఆడవాళ్లు దీనికి భయపడే నీళ్లు తాగడం మానేస్తారు. మోకుకూ ప్రభకూ మధ్య ఎప్పుడూ నడవకండి. ప్రభ ఎక్కమని కుర్రాళ్లు ఉసిగొల్పినా ఎక్కకండి; పైన తీగలున్నాయి.

పార్టీ జెండాల గొడవకు అసలే దూరం. ప్రభల మీద నాయకుల ఫోటోలు వెలుస్తున్నాయి, పల్నాటి పల్లెల్లో పార్టీ అంటే చుట్టరికం కంటే గట్టిది. ఈ తిరునాళ్లు నెత్తురు చూసినవే. 1909లో ఇక్కడ జనానికీ పోలీసులకూ మధ్య పెద్ద గొడవ చెలరేగి ప్రాణాలు పోయాయి. ఆ కేసులో చిన్నపరెడ్డి అనే ఆయన్ను ఉరితీశారు, ఆయన మీద కట్టిన పాటను పల్లెలు చాలాకాలం పాడుకున్నాయి. ఎవరైనా మిమ్మల్ని "మీదే పార్టీ?" అని అడిగితే, ఈ ఊరి ప్రభతో వచ్చానని చెప్పి ఊరుకోండి.

ఇంకో ప్రశ్న కూడా రావచ్చు. కొండ కింద కులానికో సత్రం ఉంది, బోర్డు మీద పేరుతో సహా. "ఏమిట్లు మీరు?" అని మెత్తగానే అడుగుతారు. చదువుకున్న పిల్లలకు ఈ మాట మంటపుట్టిస్తుంది, పుట్టించాలి కూడా. దాని వల్ల లోపలికి రానివ్వని రోజులు చూసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. తిరునాళ్ల నాడు అన్నదానం దగ్గర ఆకలితో వచ్చినవాణ్ణి పొమ్మన్న వాళ్లను నేను చూడలేదు, అది వేరే సంగతి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. "భోజనానికి వచ్చామండీ" అనండి. నవ్వుతూ, గొంతు పెంచకుండా, మళ్లీ అడిగినా అదే జవాబు. ఇది పిరికితనం కాదు. వంద మంది మధ్య మీరు ఆ లెక్కలోకి రానని చెప్పడమే.

ఈ విషయంలో పల్నాడుకు కారంపూడి దారి చూపించింది. కార్తీక అమావాస్యతో మొదలై అక్కడ ఐదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరుల ఆయుధాలను వాళ్ల ఆచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో మోసుకొచ్చి నాగులేటిలో కడుగుతారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి పేరు మీద. వీలుంటే కోటప్పకొండకు ముందు కారంపూడి చూడండి. ఆ చాప మీద కూర్చుని తిన్నవాళ్లకు కొండ కింద సత్రం ముందు నోరు తడబడదు.

కారంపూడి రాత్రి తీరు వేరు. అక్కడ దీపాల హోరు ఉండదు, వినడం ఉంటుంది. వీరుల కథ పాడే వీర విద్యావంతులు ఒక్కో ఘట్టాన్ని గంటల కొద్దీ పాడతారు. కథ ఒక రాత్రికి తెగేది కాదు. 1970లలో జీన్ రోగెయిర్ అనే అమెరికా పండితుడు పల్నాడుకొచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట ఆ కథను టేపు మీదికి ఎక్కించుకున్నాడు. 1982లో అది ఇంగ్లీషు పుస్తకంగా ఆక్స్‌ఫర్డులో అచ్చయింది. భాష తనది కాదు, దేవుడు తనవాడు కాదు. అయినా పాడే మనిషి ఎదుట ఓపికగా కూర్చున్నాడు కాబట్టి, మన చదువుకున్నవాళ్లు చాలామంది వినని కథ ఆయనకు దక్కింది. మీరు టేపు తీసుకెళ్లనక్కర్లేదు. ఒక ఘట్టం ఎంచుకుని అయిపోయేదాకా లేవకుండా కూర్చుంటే చాలు. అర్థం కాని చోట పక్కన కూర్చున్న పెద్దమ్మను అడగండి, పాట ఆగిన చోట మాత్రమే.

రాత్రిళ్ల కోసమే ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చే ఊరు ఆమ్‌స్టర్‌డామ్. అక్కడికి వెళ్లే మన పిల్లలకూ నేను ఇదే చెబుతాను. రాత్రి బాగోగులు చూడటానికి ఒక మనిషి కావాలని ఆ నగరం ఏనాడో గ్రహించింది. 2012లో మిరిక్ మిలన్ అనే ఆయన "రాత్రి మేయరు"గా ఎన్నికయ్యాడు. క్లబ్బుల వాళ్లకూ, నిద్రపట్టని ఇళ్లవాళ్లకూ, నగరపాలక సంస్థకూ మధ్య మాట్లాడటం ఆయన పనిగా ఉండేది. అయినా గుంపులు గుంపులుగా వచ్చి, అద్దాల వెనక నిలబడ్డ ఆడవాళ్లను వింతగా చూసిపోయేవాళ్ల తాకిడి తట్టుకోలేక 2020లో అక్కడి రెడ్ లైట్ వీధుల్లో గైడు వెంట తిరిగే టూర్లను నిషేధించారు. చూడటానికి మాత్రమే వచ్చేవాణ్ణి ఏ ఊరూ ఎక్కువ కాలం భరించదు. అక్కడైనా తెలిసినవాళ్లు రోజూ వెళ్లే ఒక కాఫీ దుకాణమో, ఒక పాటల గదో ఎంచుకుని సాయంత్రమంతా అక్కడే కూర్చోండి. మనుషులను ఫోటో తీసే ముందు అడగండి, కిటికీల వైపు ఫోను ఎత్తకండి. సైకిళ్ల దారిలో నిలబడకండి. ఆ దారి మీద వాళ్లకున్న పట్టుదల మన మోకుల వాళ్ల పట్టుదలకు తీసిపోదు.

తిరిగి కొండ కిందికి వద్దాం. నాలుగింటి వేళ నిద్ర ముంచుకొస్తుంది. అప్పుడు లేచి తిరగండి. అంగళ్లవాళ్లు సరుకు సర్దుకుంటూ బేరాలు తగ్గిస్తారు. మరమరాలు, ఖర్జూరం, చెరకు గడలు ఇంటికి కొనాల్సింది ఆ వేళలోనే. తెల్లవారాక ప్రభలు తిరుగు దారి పడతాయి. వచ్చేటప్పుడున్న కేకలుండవు, మోకు పట్టిన కుర్రాళ్ల కళ్లు ఎర్రగా ఉంటాయి, జనం సగానికి సగం పలచబడతారు. చేతులు తక్కువయ్యేది అప్పుడే. అప్పుడు మోకు పట్టడానికి మిమ్మల్ని పిలుస్తారు. పిలిస్తే వెళ్లండి. పెద్దాయన అరచెయ్యి మీదే చూపు పెట్టండి, ఆయన చెప్పినప్పుడే లాగండి, చెప్పినప్పుడే వదలండి. ఊరు చేరాక ప్రభ దించి, కొయ్యలు విడదీసి, గుడ్డలు మడిచి, బల్బులు లెక్కపెట్టి పెట్టెల్లో సర్దుతారు. స్నానానికి పరుగెత్తకుండా ఆ పనిలో గంటసేపు సాయం చేయండి.

వెళ్లేముందు వచ్చే ఏటి ప్రభకు చందా రాయించండి. ఎంతన్నది మీ ఇష్టం, వెయ్యినూటపదహార్లు అయినా సరే, నూటపదహార్లు అయినా సరే. పుస్తకంలో పేరు పక్కన ఊరు రాసేటప్పుడు ఎవరింటికి వచ్చారో కూడా రాయమనండి, వచ్చే ఏడు కబురు పంపడానికి వాళ్లకు అదే ఆధారం.